పొగకు తొంభై ఆరు మార్కులు

సీసాల కొట్టు, మేడ మీది గది
ఆగస్టు

బావా,

నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో మా అక్కని అడిగితేనే సరైన సమాచారం దొరుకుతుంది.

ఈ ఉత్తరంతోపాటు పెట్టెలో నాలుగు చిన్న సీసాలున్నాయి. మూతలకి ఎర్ర దారం, పసుపు దారం, నల్ల దారం, ఆకుపచ్చ దారం కట్టాను. నాలుగూ స్కాచ్ సింగిల్ మాల్టులే. ఏది ఏ విస్కీయో ఎప్పటిలాగే చెప్పను. వాసన చూసి, నాలుక మీద వేసుకుని, నూటికి మార్కులేసి రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. నా గొంతు వినగానే ఏది ఖరీదైనదో పసిగట్టేస్తావు, పెళ్లిచూపుల్లో మా నాన్న దగ్గు విని ఆయనకి నచ్చావని పసిగట్టినట్టు.

మొన్న కొట్టుకి ఒకాయన వచ్చి, "ఈ పొగ కంపు విస్కీకి ఇంత ధర ఎందుకండీ?" అన్నాడు. నువ్వు నాకు నేర్పిందంతా ఒప్పజెప్పాను. బురదనేలల్లో వేల ఏళ్లు కుళ్లి గట్టిపడిన గడ్డిమట్టిని పీట్ అంటారనీ, దాన్ని కాల్చి ఆ పొగలో బార్లీ గింజలు ఆరబెడతారనీ, ఆ పొగే విస్కీలోకి దిగి ఏళ్ల తరబడి పీపాలో పడుకుంటుందనీ చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "అంటే గింజలు మాడ్చేసి మన నెత్తిన రుద్దుతున్నారన్నమాట" అన్నాడు. నువ్వయితే కొట్టేవాడివి. నేను ఒక చుక్క పోసి, "ముందు పొగని పక్కకి జరగనివ్వండి, దాని వెనక ఎవరున్నారో చూడండి" అన్నాను. రెండో చుక్క ఆయనే అడిగాడు.

మార్చిలో మీ కంపెనీ పీపాలు కొనబోతోందని, నువ్వు ఊఁ అంటేనే కొంటారని ఇక్కడ మా ఓనరు చెప్పుకుంటున్నాడు. అంచేత ఆ ముక్కుని జాగ్రత్తగా చూసుకో. నీ కోపం కూడా అక్కడే ఉంటుంది కదా.

అక్క అల్లి పంపిన స్వెటరు అందింది. ఒక చెయ్యి పొడుగొచ్చింది. తిట్టకుండా చెప్పు.

నీ ఒక్కగానొక్క బావమరిది


గోదాము వెనక, రుచి గది
సెప్టెంబరు

ఒరేయ్ బుడ్డోడా,

స్వెటరు సంగతి చెప్పాను. చెయ్యి కాదు, నువ్వే పొట్టిగా పుట్టావంది.

ఇక మార్కులు. ఎర్ర దారానికి ఎనభై నాలుగు. ఉప్పుగాలి, తడిసిన తాడు. మర్యాదస్తుడి పొగ, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. పసుపు దారానికి డెబ్బై తొమ్మిది. విషయం లేనివాడు గొంతు పెంచినట్టు ఒకటే అరుపు. నల్ల దారానికి ఎనభై ఎనిమిది. తారు, కాలిన రబ్బరు, వాటి వెనక ఎక్కడో బాగా పండిన బేరిపండు. ఇది ఖరీదైనదే, కాదంటే నా చెవి కోసిస్తాను.

ఆకుపచ్చ దారానికి తొంభై ఆరు.

అవును, చదివింది నిజమే. నా ఉద్యోగంలో తొంభై నాలుగు దాటి ఎవరికీ వెయ్యలేదు. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చానో లేదో, ముందు కడుపులోంచి ఏదో పైకి తేలినట్టయింది. తర్వాత పొగ. నల్లగా, తియ్యగా, నాకు ఎప్పుడో బాగా తెలిసిన చోటి నుంచి వచ్చినట్టున్న పొగ. ఆ తర్వాత కాసేపు ఎక్కడున్నానో తెలియలేదు. తేరుకునేసరికి గ్లాసు కింద పడి ఉంది, చొక్కా తడిసిపోయింది. అదిరా విస్కీ అంటే! మనిషిని అలా ఎత్తుకుపోవాలి. ఏ విస్కీరా అది? వెంటనే రాయి. పీపాలకి పీపాలు కొనిపిస్తాను.

ఆ పొగ ఇంకా నన్ను వదల్లేదంటే నమ్ము. లిఫ్టులో వచ్చింది. క్షౌరశాలలో కుర్చీలో కూర్చుంటే వచ్చింది. మీ అక్కకి చెప్తే "ఉద్యోగాన్ని ఇంటికి మోసుకురాకండి" అంది. కళ ఎవరికి అర్థమవుతుంది?

పేరు రాయి. ఆగలేను.

బావ


సీసాల కొట్టు, మేడ మీది గది
సెప్టెంబరు

బావా,

ఎలా రాయాలో తెలియడం లేదు. రెండు కాగితాలు చింపేశాను.

ఆకుపచ్చ దారం సీసాలో పొగ లేదు. పీట్ సోకని విస్కీ అది. తేనె, యాపిల్, చిన్నపిల్లల బిస్కెట్ల వాసన, అంతే. నిన్ను ఆటపట్టిద్దామని మిగిలిన మూడింటి పక్కన పెట్టాను. "ఇందులో పొగేదిరా దొంగా" అని తిడతావని ఎదురుచూశాను. నీ ఉత్తరంలో తొంభై ఆరు చూసి పడీపడీ నవ్వాను. ఓనరుకి చూపిద్దామని మెట్లు దిగుతూ మళ్లీ చదివితే, గ్లాసు కింద పడి ఉందన్న చోట కాళ్లు ఆగిపోయాయి.

సీసా మార్చి పంపానేమోనని వెనక్కి వెళ్లి చూశాను. ఆ పెద్ద సీసా ఇక్కడే ఉంది. నేను వాసన చూశాను. ఓనరు చూశాడు. కొట్లో తుడిచే ఆవిడకి కూడా ఇచ్చాను. "బాగానే ఉంది బాబూ, దీనికేమైంది?" అంది. పొగ లేదు బావా. నీకు వచ్చిన పొగ సీసాలోది కాదు.

మా కొట్టుకి వచ్చేవాళ్లలో ఒక మెదడు డాక్టరు ఉన్నాడు. తెలిసినవాళ్లకి ఇలా అవుతోందని నీ మాటలే చెప్పాను. కడుపులోంచి తేలడం, లేని వాసన రావడం, కాసేపు ఒళ్లు తెలియకపోవడం. ఆయన చేతిలో సీసా బల్ల మీద పెట్టేశాడు. "ఆ మనిషిని ఈ వారమే తల స్కాన్ తీయించుకోమనండి" అన్నాడు. సీసా తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

నాకు చాలా భయంగా ఉంది. అక్కకి చెప్పు. డాక్టరు దగ్గరికి వెళ్లు.

నీ బావమరిది


గోదాము వెనక, రుచి గది
అక్టోబరు

మహారాజశ్రీ బావమరిది గారికి,

తమరు పరీక్షాధికారిగా నియమితులైనట్టు మాకు తెలియదు. మీకు గ్లాసు పట్టుకోవడం నేర్పింది ఎవరో మీకు గుర్తు లేకపోవచ్చు. గురువుకే పంగనామాలు పెట్టడం ఈ రోజుల్లో మామూలే.

తమరి సీసా సరిగ్గా కడగలేదు. అంతకుముందు అందులో పీట్ విస్కీ పోసి ఉంటారు. ఆ పాత పొగ మూతకి పట్టి ఉంటుంది. దానికి మెదడు డాక్టర్లు, స్కాన్‌లు అక్కర్లేదు, ఒక గిన్నెడు వేడినీళ్లు చాలు.

మీ అక్కకి ఒక్క ముక్క చెప్పినా మన మధ్య మాటలుండవు. కంపెనీలో పెద్దాయన చెవిన పడితే నా పని అయిపోయినట్టే. ముక్కుని నమ్ముకుని బతికేవాడికి ముక్కు తప్పు చెప్తోందని పేరొస్తే, వాడు రేపట్నుంచి ఏం చేసుకుని బతకాలో కూడా తమరే సెలవివ్వండి.

ఇట్లు,
మీ అక్కగారి భర్త

ఉత్తరం అంటించి మళ్లీ విప్పాను. బుడ్డోడా, నిన్న మళ్లీ వచ్చింది. ముందర ఏ గ్లాసూ లేదు. చెప్పుల కొట్లో చెప్పులు తొడుక్కుంటున్నాను. కుర్రాడు "సార్, సార్" అని భుజం ఊపుతుంటే తెలివొచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో వాణ్ణి అడగడానికి భయమేసింది.


సీసాల కొట్టు, మేడ మీది గది
అక్టోబరు

బావా,

నన్ను ఎన్నయినా తిట్టు, పడతాను. సీసా కొత్తది. పెట్టెలోంచి తీసి అప్పుడే నింపాను. ఆ సంగతి నీకూ తెలుసు, అందుకే అంటించిన ఉత్తరం విప్పావు.

అక్కకి చెప్పొద్దని నువ్వడిగినట్టే ఇప్పటిదాకా నోరు మూసుకున్నాను. మొన్న ఫోన్ చేసి "మీ బావ ఈమధ్య పరధ్యానంగా ఉంటున్నార్రా" అంది. నేను "ఎప్పుడు లేడు?" అని నవ్వాను. ఫోన్ పెట్టేశాక నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రోజూ పొద్దున్న అక్కని కారులో బడి దగ్గర దించుతావు కదా. ఆ వంతెన మీదుగానే కదా వెళ్తావు. చెప్పుల కొట్లో వచ్చింది వంతెన మీద రాదని ఎవరు చెప్పారు? పక్క సీట్లో మా అక్క కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉంటుంది. తలెత్తి చూడను కూడా చూడదు.

నీ ఉద్యోగం పెద్దదే బావా. కాదనను. కానీ నాకు ఉన్నది ఒక్కతే అక్క. ఉన్నది ఒక్కడే బావ. డాక్టరు దగ్గరికి వెళ్లావని ఉత్తరం రాకపోతే నేనే అక్కకి ఫోన్ చేస్తాను. తర్వాత జన్మంతా మాట్లాడకపోయినా సరే.

నీ బావమరిది


గోదాము వెనక, రుచి గది
నవంబరు

బుడ్డోడా,

కారు పాడైందని మీ అక్కకి అబద్ధం చెప్పి బస్సులో తిరుగుతున్నాం. నీ ఉత్తరం చదివిన రోజు నుంచీ తాళం ముట్టుకోలేదు. ఆ వంతెన సంగతి నాకు తట్టనే లేదురా.

స్కాన్ తీయించుకున్నాను. ఒక్కణ్ణే వెళ్లాను. గొట్టంలోకి తోసి కదలొద్దన్నారు. లోపల డమడమా చప్పుడు. అక్కడా పొగ వస్తుందేమోనని పళ్లు బిగబట్టుకుని పడుకున్నాను.

గడ్డ ఉంది. బఠాణీ కంటే పెద్దది, నిమ్మకాయ కంటే చిన్నది అంది డాక్టరమ్మ. వాసన తెలిసే నరాల్ని ఆనుకుని పెరుగుతోందట. నాకొచ్చే పొగ అదేనట, గడ్డ మెదడుని గీరినప్పుడల్లా. అంటే నేను నా మూర్ఛకి తొంభై ఆరు మార్కులు వేసుకున్నాను. ఎవడికైనా చెప్తే నవ్వుతాడు. నువ్వు నవ్వొద్దు.

తొందరగా తీసేయాలంది. తీస్తే ముక్కు మిగులుతుందా అనడిగాను. "ప్రాణం మిగలడం మీద దృష్టి పెడదాం" అంది. మంచిదే, కానీ ఆవిడ అలా అన్నాక ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేశాను. భయంగా ఉందిరా. తల కోస్తారంటే భయం. లేచాక ఏ వాసనా రాని ప్రపంచం ఉంటుందంటే ఇంకా భయం. మీ అక్క జుట్టు వాసన కూడా తెలియదన్నమాట. ఇలాంటివి నీకు రాయకూడదు, అయినా రాస్తున్నాను.

మాత్రలు ఇచ్చారు. మూర్ఛలు తగ్గాయి. అంచేత ఒకటి ఆలోచించాను. మార్చిలో పీపాలు ఎంచేదాకా ఆగుతాను. ఆగకూడదని నువ్వంటావు. సరే, పందెం. నాలుగు సీసాలు పంపు, ఒకదాంట్లో పొగ లేకుండా. ఏది పొగ లేనిదో నేను కనిపెడితే నా ముక్కు ఇంకా నాదే, మార్చి దాకా ఎవరూ నన్ను ముట్టుకోవద్దు. కనిపెట్టలేకపోతే మర్నాడే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెడతాను. మీ అక్కకీ చెప్తాను. మింగను, ఉమ్మేస్తాను, మాత్రల గురించి నీకు బెంగ వద్దు.

పంపకపోతే మాత్రం సంతకం పెట్టను. నా మొండితనం నీకు తెలుసు.

బావ


సీసాల కొట్టు, మేడ మీది గది
నవంబరు

బావా,

ఆ మెదడు డాక్టరుని మళ్లీ అడిగాను. మార్చి దాకా ఆగడం నిప్పుతో చెలగాటమే అన్నాడు. ఈ సంగతి నీకు రాసినా వినవని తెలుసు. అందుకే సీసాలు పంపుతున్నాను.

నాలుగు దారాలు, నాలుగు సీసాలు. ఒకదాంట్లో పొగ లేదు. ఏదో నువ్వే చెప్పాలి. మూతలు జాగ్రత్తగా బిగించాను. చెయ్యి వణకలేదు.

ఇంకేమీ రాయలేను.

నీ బావమరిది


ఇల్లు, ముందుగది
డిసెంబరు

బుడ్డోడా,

తొందరపడలేదు. పొద్దున్నపూట, ముక్కు తేటగా ఉన్నప్పుడు ఒక్కొక్కటే చూశాను. నీళ్లతో పుక్కిలించి, కాసేపు బయట నడిచొచ్చి, మళ్లీ చూశాను. నాలుగింటిలోనూ పొగే. పొగ లేనిది నాకు దొరకలేదు. పందెం నువ్వే నెగ్గావు.

సంతకం పెట్టాను. తేదీ ఈ కాగితం వెనకాల రాశాను.

మీ అక్కకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కారు తాళం తీసి తన సంచిలో వేసుకుంది. తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని చాలాసేపు బయటికి రాలేదు. తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. ఇన్నాళ్లూ దాచినందుకు మనిద్దరి మీదా కోపంగా ఉంది. నీకు కూడా వాత పెడుతుందట, సిద్ధపడి రా.

వచ్చేటప్పుడు సీసాలు తేకు.

బావ


ఆసుపత్రి వరండా, మూడో అంతస్తు
జనవరి

బావా,

నువ్వు లోపలున్నావు. అక్క నా పక్కనే కూర్చుని, కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు నటిస్తోంది. వేళ్లు మాత్రం చీర అంచుని మడుస్తూ విప్పుతూ ఉన్నాయి. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తాను, నువ్వు లేచాక ఇమ్మని.

నేను నిన్ను మోసం చేశాను. నాలుగు సీసాల్లోనూ పొగ ఉంది. పొగ లేని సీసా అసలు పంపలేదు. నీ ముక్కు తప్పు చెప్పలేదు బావా, నేనే తప్పు చెప్పాను. నిజంగా ఒకటి పొగ లేనిది పెడితే నువ్వు ఇట్టే పట్టేస్తావేమోనని భయమేసింది. పట్టేస్తే మార్చి దాకా ఆగేవాడివి. అందుకని పట్టుకోవడానికి ఏమీ లేకుండా చేశాను. చెయ్యి వణకలేదని రాశాను కదా, అదీ అబద్ధమే. మూత బిగించలేక ఒక సీసా ఒలికిపోతే మళ్లీ నింపాను.

అప్పుడు మంచిపనే చేశాననుకున్నాను. ఇప్పుడు ఆ తలుపు కేసి చూస్తుంటే అలా లేదు. నువ్వు బయటికి రాకపోతే నిన్ను లోపలికి పంపింది నేనే. అక్క మొహం ఎలా చూడను? ఇందాక ఒక నర్సు వచ్చి ఎవరి తాలూకు వాళ్లనో పిలిచింది. మనల్ని కాదని తెలిసి కూడా నేను లేచి నిలబడ్డాను. ఆ పిలిచిన ముసలాయన నన్ను చూసి "కూర్చో నాయనా" అని తనే లోపలికి వెళ్లాడు. ఇంకా బయటికి రాలేదు.

నువ్వు లేచి నన్ను తిట్టు బావా. ఎంత తిడితే అంత మంచిది. ముక్కు పోగొట్టావురా అని తిట్టు. తిట్టడానికి నువ్వుంటే చాలు.

ఎవరో మావైపే వస్తున్నారు. అక్క కళ్లు తెరిచింది.


ఇల్లు, కిటికీ పక్క మంచం
ఫిబ్రవరి

బుడ్డోడా,

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. పెన్ను పట్టుకుంటే చెయ్యి తొందరగా అలిసిపోతోంది. అది క్యాన్సర్ గడ్డ కాదని, మొత్తం వచ్చేసిందని నీకు తెలుసు కదా, అక్కడే ఉన్నావు. నీ ఉత్తరం మాత్రం మీ అక్క నేను కుదురుగా కూర్చునేదాకా దాచి మొన్ననే ఇచ్చింది. ఇన్నాళ్లూ నువ్వు ఫోన్లో నాతో సగం మాటే మాట్లాడుతుంటే ఏమిటో అనుకున్నాను.

పిచ్చి సన్నాసీ, నాకు అప్పుడే తెలుసు.

పొగ లేనిది దొరక్కపోయేసరికి నా మీద నాకు నమ్మకం పోయి, గ్లాసులు వరసగా పెట్టి మీ అక్కని పిలిచాను. "వీటిలో కాలిన వాసన లేనిది ఏది?" అన్నాను. విస్కీ అంటేనే మొహం చిట్లించే మనిషి, కొంగు అడ్డం పెట్టుకుని నాలుగూ చూసింది. "అన్నీ ఒకటే కంపు. ఎందుకడుగుతున్నారు?" అంది. అలా ఆమెకి చెప్పాల్సి వచ్చింది.

అంటే నా ముక్కు సరిగ్గానే చెప్పింది, పందెం నేనే నెగ్గాను. కాగితం చింపేసి మార్చి దాకా దర్జాగా తిరగొచ్చు. చింపుదామని చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు నీ సంగతి ఆలోచించాను. నువ్వు ఏడిపిస్తావు, ఆటపట్టిస్తావు, సీసాలో ఏముందో చెప్పవు. కానీ లేనిది ఉందని ఎప్పుడూ అనలేదు. అలాంటివాడివి నాలుగు సీసాల్లో పొగ నింపి నా మొహం మీద అబద్ధం రాశావంటే, ఎంత భయపడి ఉండాలి నువ్వు! డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా చావు నాకు అంత దగ్గరగా కనబడలేదు. నీ అబద్ధంలో కనబడింది. అందుకే సంతకం పెట్టాను. నీకు చెప్పకపోవడం నా తప్పు. నెగ్గాననుకుని నువ్వు ధైర్యంగా ఉంటావనుకున్నాను, ఆ వరండాలో కూర్చుని అలా కుమిలిపోతావని ఎలా తెలుస్తుంది?

పెద్దాయన వచ్చి యాపిల్ పళ్లు పెట్టి వెళ్లాడు. మార్చికి వేరేవాణ్ణి చూసుకున్నారట. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు నీళ్లు నమిలాడో. పాపం నేనే "ఫరవాలేదండీ" అనాల్సి వచ్చింది.

నిన్న పొద్దున్న మీ అక్క పొయ్యి మీద పాలు పెట్టి స్నానానికి వెళ్లింది. నేను మంచం మీద పేపరు చదువుకుంటున్నాను. తడిజుట్టుతో, దగ్గుకుంటూ ఆమె పరిగెత్తుకొచ్చి కిటికీలు తెరిచేదాకా నాకేమీ తెలియదు. తలెత్తి చూస్తే పాలు మాడి గది నిండా పొగ. కళ్లు మండుతున్నాయి. ముక్కుకి మాత్రం ఏమీ లేదు. నిజం పొగరా, నా చుట్టూ, నా ఒంటి మీద. గట్టిగా పీల్చాను. మళ్లీ పీల్చాను. వట్టి గాలి. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. మీ అక్క బెదిరిపోయి నా రెండు చేతులూ పట్టుకుని, "ఏమైందండీ, మళ్లీ పొగ వచ్చిందా?" అంది.

"రాలేదు" అన్నాను.

ఆమె నమ్మలేదు. నా కళ్లలోకి చూస్తూ మళ్లీ అడిగింది. "రాలేదే, అస్సలు రాలేదు" అన్నాను. అప్పుడు ఆమె మంచం మీద కూలబడి, ఆసుపత్రిలో కూడా ఏడవనిది, నా కంటే గట్టిగా ఏడ్చింది. పొగ పోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

బావ